పదును కోసం కాచుకున్న ఇంగ్లీషు

మొన్నామధ్య సోమందేపల్లెలో, హైవే పక్కన కొత్తగా తెరిచిన ఇంగ్లీషు మాట్లాడటం నేర్పే సెంటరుకు రిబ్బను కత్తిరించమని నన్ను పిలిచారు. నాలుగు పుస్తకాలు రాసి తల నెరిసినవాళ్లకు మా వైపు దొరికే కొలువు ఇదొక్కటే. కత్తెర వాళ్లే ఇస్తారు, శాలువా వాళ్లే కప్పుతారు, ఫోటో తీసే అబ్బాయి చాలనేదాకా ఎండలో పళ్లు బయటపెట్టుకుని నిలబడటం మాత్రం మన పని. అలా నిలబడి తలెత్తితే బ్యానరు కనిపించింది. "గ్రామరు అక్కర్లేదు, భయం అక్కర్లేదు, నోరు తెరిస్తే ఇంగ్లీషే" అని ఎర్రటి అక్షరాలతో రాసి ఉంది. నాకు నవ్వు ఆగలేదు. శాలువా జారి కిందపడేదాకా నవ్వాను. సెంటరు పెట్టిన పిల్ల పాపం కంగారుపడి, "ఏమైంది మేడమ్, స్పెల్లింగు తప్పుండాదా?" అని అడిగింది. "తప్పేం లేదులేమ్మా, ఈ బ్యానరు మా సారు చూసింటే మంచం పట్టేవాడు, అంతే" అన్నాను. లోపల పిల్లలు ముచ్చటగా ఉన్నారు. ఎవరికీ బెరుకు లేదు. నన్ను చుట్టుముట్టి నా ఊరేది, నాకు నచ్చిన రంగేది అని ఇంగ్లీషులోనే అడిగారు. నేను ఊరుకోలేక, నౌన్ అంటే ఏమిటని అడిగాను. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి ఒక పిల్ల ధైర్యం చేసి, "అది మా సిలబస్‌లో ల్యా మేడమ్" అంది.

తిరిగొచ్చేటప్పుడు కారులో కూడా నవ్వుకుంటూనే ఉన్నాను. ఆ పిల్ల సిలబస్‌లో లేనిది ఉందే, నా చిన్నతనమంతా అదే. నౌన్, ప్రొనౌన్, వెర్బ్, యాడ్వెర్బ్ అనే మాటలు నేను మా ఇంటి మేకల పేర్లు నేర్చుకున్న వయసులోనే నేర్చుకున్నాను. ఇంగ్లీషు మాత్రం రాలేదు. రానివ్వలేదు అనడం న్యాయంగా ఉంటుంది.

మా ఊరు ఆ రోడ్డు మీంచి లోపలికి పోతే వస్తుంది. రాళ్లు, రాళ్ల మధ్య కాస్త ఎర్రమట్టి, ఆ మట్టిలో శెనక్కాయ. వాన పడితే పంట, లేకపోతే గడ్డి, అదీ లేకపోతే ఆకాశం వైపు చూస్తూ మాట్లాడుకోవడం. మా అమ్మ నేను నడక నేర్చుకోకముందే పోయింది. నన్ను పెంచింది అవ్వ, అంటే మా నాయన తల్లి. ఇంట్లో ఉండేది మేం ముగ్గురమే అయినా పొద్దుగూకే వేళకు మా వసారా నిండిపోయేది. విత్తనం కాలం వచ్చే ముందు ఊరి ఆడవాళ్లంతా మా ఇంటికి కాయలు ఒలవడానికి వచ్చేవాళ్లు. గోనెపట్టాల మీద కాయలు రాశిగా పోసి, చుట్టూ కూర్చుని, పటపటమని ఒలిచేవాళ్లు. పొట్టు దుమ్ము, లాంతరు పొగ, లోపల పొయ్యి మీద ఉడికే రాగి సంగటి వాసన, అన్నీ కలిసి ఒకటే వాసనగా ఉండేవి. ఇప్పటికీ ఎవరైనా నా పక్కన పల్లీలు వలిస్తే నాకు ముక్కులో మా వసారా తగులుతుంది, వెంటనే చెవిలో "ఎ నౌన్ ఈజ్ ఎ నేమింగ్ వర్డ్" అని వినిపిస్తుంది. ఈ రెండూ ఎందుకు కలిశాయో చెప్పాలంటే ముందు మా నాయన అవమానం గురించి చెప్పాలి.

నాయన ఒకసారి బావికి సంబంధించిన పని మీద తాలూకా ఆఫీసుకు పోయాడు. అక్కడ ఒక ఆఫీసరు ఇంకొక ఆఫీసరుతో నాయన ఎదుటే, నాయన గురించే, చాలాసేపు ఇంగ్లీషులో మాట్లాడాడట. వాళ్లు ఇస్తామంటున్నారో ఇయ్యమంటున్నారో నాయనకు తెలియలేదు. ఏమంటున్నా మంచిదేలెమ్మని నాయన నవ్వుతూ నిలబడ్డాడు. వాళ్లూ నవ్వారు. నాయన దండం పెట్టి బయటికొచ్చాక, గుమ్మం దగ్గరి మనిషి చెప్పాడట, పని కాలేదని. "వాళ్లు నన్ను తిడతాంటే నేను నవ్వుతా నిలబడినానమ్మా" అని అవ్వతో చెప్పి నాయన ఆ రోజు సంగటి ముట్టలేదు. మన ఇంట్లో ఒక్కరికైనా ఇంగ్లీషు రావల్ల అని ఆ పూటే తీర్మానం అయిపోయింది. ఇంట్లో ఒక్కరంటే మిగిలింది నేనే.

అలా వచ్చాడు గ్రామరు సారు. చిలమత్తూరు వైపు మనిషి. ఎక్కడో చిన్న బడిలో పనిచేసి, అక్కడివాళ్లతో పడక వచ్చేశాడని చెప్పుకునేవాళ్లు. తెల్ల పంచె, దాని మీద నల్ల కోటు, వాన ఎరగని దేశంలో ఎప్పుడూ చంకలో గొడుగు. సంతలో నాయనకు పరిచయమై, తిండీ పడకా మా ఇంట్లోనే అన్న ఒప్పందం మీద ఒక రేకుపెట్టెతో వసారాలో దిగాడు. పెట్టెలో ఒకే పుస్తకం, అట్టలూడిపోయిన గ్రామరు. ఆయనకు అది మొదటి నుంచి చివరిదాకా కంఠతా వచ్చు. మొదటి రోజు నాయన చేతులు కట్టుకుని, "సార్, పాపకు నాలుగు మాటలు మాట్లాడేది నేర్పండి, చాలు" అన్నాడు. సారు నాయన వైపు జాలిగా చూసి, "ఏమప్పా, నువ్వు సేద్యగానివి కదా. పదును పడకుండా విత్తనం ఏస్తావా?" అని అడిగాడు.

మా నేలలో ఇంతకన్నా పెద్ద ప్రశ్న లేదు. వాన పడి నేల లోపలిదాకా తడిస్తే దాన్ని పదును అంటారు. ఆ పదును కోసమే మా ఊరంతా ఏటా మెడలు సాచుకుని కాచుకుని ఉంటుంది. తొందరపడి పొడి దుక్కిలో వేస్తే విత్తనం మాడిపోతుంది, ఇంటిల్లిపాదీ ఒలిచిందంతా మట్టిపాలవుతుంది. నాయన తలూపాడు. "గ్రామరే పదును. అది లోపలిదాకా దిగేవరకూ పాప నోట్లో ఇంగ్లీషు మాట రాకూడదు. ఒక్క వాక్యం గూడా మాట్లాడకూడదు. తప్పు మాట్లాడిందంటే ఆ తప్పు జన్మంతా పోదు" అని సారు తేల్చేశాడు. ఊళ్లో ఎవరికి చెప్పినా ఇది సబబుగానే తోచింది. వేరే దేశంవాళ్లయితే నవ్వేవాళ్లేమో, మా వాళ్లు మాత్రం "సారు మాటలో నిజముంది, పదును లేకుండా ఎట్ల" అని గడ్డాలు నిమురుకున్నారు. ఇంగ్లీషు నేర్పడానికి వచ్చిన మనిషి మొదటి రోజే ఇంగ్లీషును నిషేధించి, ఆ పూట మా ఇంట్లో శుభ్రంగా భోంచేశాడు.

చదువు ఎక్కడంటే కాయలు ఒలిచే చోటే. వసారా ఒకటే కదా. సారు స్తంభానికి ఆనుకుని చెప్పేవాడు, నేను వల్లించేదాన్ని, నాతోపాటు ఒలిచే ఆడవాళ్లందరికీ అది వచ్చేసింది. వాళ్లకు పాట ఉంటే చాలు, చేతులు వాటంతట అవే ఆడతాయి. ఒకరు "ఎ నౌన్ ఈజ్" అని ఎత్తుకుంటే మిగిలినవాళ్లు "ఎ నేమింగ్ వర్డ్" అని అందుకునేవాళ్లు. దాని అర్థమేమిటని ఎవరూ అడగలేదు. అవ్వ ఒక్కతే అడిగేది. సర్వనామమంటే ఏంది సారూ అంటే, పేరు పలకకుండా దాని బదులు వాడే మాట అని సారు చెప్పాడు. అవ్వ ముక్కు మీద వేలేసుకుని, "అంటే మా ఆయన పేరు నేను చెప్పనే, అట్లనా?" అంది. తాత బతికినన్నాళ్లూ, పోయిన తరువాతా ఆయన పేరు అవ్వ నోట రాలేదు. ఆయన, వాళ్లు, మీ తాత, దీని తాత, ఇంతే. సారు చాలా సంతోషించి, "అవ్వా, నీకు ప్రొనౌను పుట్టుకతోనే వచ్చినాది" అన్నాడు. అవ్వ మూడు దినాలు ఆ మాట ఊరంతా చెప్పుకుంది.

క్రియా కాలాల దగ్గర నాయన అడ్డుపడ్డాడు. సారు ఉదాహరణగా "వాన పడినాది, వాన పడతాంది, వాన పడతాది" అని మూడు కాలాలూ చెప్పాడు. నాయన బీడీ పక్కన పెట్టి, "సార్, ఆ నడిమిది తీసెయ్యండి, ఈ సీమలో దాంతో పని ల్యా" అన్నాడు. కర్తరి, కర్మణి వాక్యాల దగ్గర అవ్వ అడ్డుపడింది. పిల్లి పాలు తాగింది అంటే ఒకటి, పాలు పిల్లి చేత తాగబడినవి అంటే ఇంకొకటి అని సారు ఎంత విడమరిచి చెప్పినా ఆమెకు ఎక్కలేదు. "ఎట్ల చెప్పినా పాలు పోయినాయి కదప్పా. పిల్లిని తరమండి ముందు" అంది. అవ్వకు మొత్తం గ్రామరులో నచ్చింది ఒక్కటే, ఆశ్చర్యార్థకం. అలాస్ అంటే అయ్యో అని సారు చెప్పగానే, "ఇదీ మనకు పనికొచ్చే మాట" అని పట్టేసుకుంది. బర్రె తన్నితే అలాస్, సంగటి అడుగంటితే అలాస్, మబ్బు వచ్చి వచ్చి పక్కూరికి పోతే రెండు అలాస్‌లు. అవ్వ అనేది ఒక్క మాటే కాబట్టి సారు చూసీచూడనట్టు పోయేవాడు. వాక్యం కాదు కదా, నిషేధం వర్తించదు.

ఇన్, ఆన్, అండర్ చెప్పడానికి సారు మా మేకపిల్లను తెప్పించాడు. మంచం వాల్చి దాని మీదికి మేకను ఎక్కించి "ఆన్" అన్నాడు. మంచం కిందికి తోసి "అండర్" అన్నాడు. "ఆన్"లో అది బాగానే నిలబడింది, మంచం మీద ఆరబోసిన చింతపండు దొరికింది కాబట్టి. "అండర్"లోకి పోవడానికి ఒప్పుకోలేదు. నేను ముందునుంచి చెవులు పట్టుకుని లాగితే, సారు వెనకనుంచి గొడుగుతో పొడిస్తే, అది కోటు అంచు నోట పట్టుకుని సారుతో సహా మంచం కిందికి దూరింది. ఒలిచే ఆడవాళ్లంతా "అండర్, అండర్" అని ఒకే గొంతుతో అన్నారు. ఆ రెండు మాటలూ నాకు జన్మలో మరిచిపోలేని విధంగా వచ్చాయి.

ఇదంతా నవ్వులాటలానే సాగేది కానీ, లోపల నాకొక దిగులుండేది. మా ఊరి బడి చిన్నది. పైచదువుకు పెనుకొండ పోవాలి, అక్కడ ఆడపిల్లల హాస్టలు ఉంది. నాకు పోవాలని ప్రాణం కొట్టుకునేది. అవ్వకు నన్ను పంపడం ఇష్టం లేదు. "తల్లి లేని పిల్ల, ఆడ దీనికి తల దువ్వేదెవరు?" అనేది. అంతకన్నా నేను లేకపోతే ఆమె పక్కన పడుకునేవాళ్లు లేరు, అది పైకి చెప్పేది కాదు. నాయన ఇద్దరి మధ్యా నలిగి చివరికి ఒక మధ్యేమార్గం కనిపెట్టాడు. "సారు ఏనాడైతే పాపకు ఇంగ్లీషు వచ్చినాది అంటాడో ఆనాడే పంపుదాం" అన్నాడు. అవ్వ వెంటనే సరేనంది. నాకు ఆశ్చర్యమేసింది, తరువాత అర్థమైంది. సారు జన్మలో ఆ మాట అనడని అవ్వ కనిపెట్టేసింది. ఆ రోజు నుంచి సారు సంగటిలో నెయ్యి పెరిగింది. నేను నౌన్ దాటి, వెర్బ్ దాటి, యాడ్వెర్బులోకి వచ్చినా సారు పెదవి విరిచి, "ఇంకా పదును పడలేదు" అనేవాడు. అవ్వ లోపలనుంచి, "తొందరేముంది సారూ, నిదానంగానే కానీండి" అనేది.

ఏళ్లు అలాగే గడిచాయి. నా తోటి మగపిల్లలు పెనుకొండ పోయి సెలవులకు రావడం మొదలుపెట్టారు. నేను వసారాలో కూర్చుని కంజంక్షను రకాలు వల్లిస్తున్నాను. ఒక్కోసారి కోపం పట్టలేక దొడ్లోకి పోయి బర్రెతో ఇంగ్లీషు మాట్లాడదామని చూసేదాన్ని. నోరు తెరిచేసరికి కర్త ఏది, క్రియ ఏది, కాలమేదని లెక్క మొదలయ్యేది. లెక్క తేలేలోపు బర్రె కుడితి తాగేసి మొహం తిప్పుకునేది.

ఆ యేడు మొదట్లో వానపడి అందరూ విత్తారు. తరువాత వాన మొహం చాటేసింది. కాయ పట్టే వేళకు ఒక్క చినుకు లేదు. తీరా అంతా అయిపోయాక ఒక తుంపర పడి, చేలన్నీ పైకి పచ్చగా నిగనిగలాడాయి. శెనక్కాయతో ఇదే చిక్కు. పైన ఆకు కళకళలాడుతుంటుంది, మట్టి కింద కాయ ఉండదు. చూసే కన్ను కిందికి పోదు. సరిగ్గా అప్పుడే కరువు చూడటానికి ఢిల్లీ నుంచి ఆఫీసర్లు వస్తున్నారని కబురొచ్చింది. ఊరంతా రోడ్డుకు ఆనుకున్న మా చేని దగ్గర చేరింది. అవ్వ కూడా కొంగు నడుముకు చుట్టుకుని వచ్చింది. సారు కోటు దులుపుకుని గొడుగుతో వచ్చాడు.

జీపు వచ్చింది, ఒక్కటే. తాలూకావాళ్ల జీపు వెనక ఎక్కడో పంక్చరై ఆగిపోయిందట. అంటే వచ్చినవాళ్లలో తెలుగు తెలిసిన మనిషి ఒక్కడూ లేడు. టోపీ పెట్టుకున్న పెద్ద ఆఫీసరు దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, పచ్చటి చేనును అటునుంచి ఇటు చూశాడు. పక్కనున్నాయనతో ఏదో అన్నాడు, ఆయనేదో రాసుకున్నాడు. మాకు అర్థమైంది "గ్రీన్" అన్న ఒక్క మాటే, అది చాలు. "సారూ, చెప్పండి. కింద కాయ ల్యాదని చెప్పండి" అని నాయన సారు మోచేయి పట్టుకున్నాడు. ఊరంతా సారు వైపు తిరిగింది. సారు గొంతు సవరించుకున్నాడు. పెదాలు కదిలాయి. మాట రాలేదు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి నాకు తెలుసు, ఆయన లోపల కాలం వెతుక్కుంటున్నాడు. కాయ పట్టలేదు అనాలా, పట్టి ఉండలేదు అనాలా, పట్టబడలేదు అనాలా అని నుదుటి మీద చెమట పడుతోంది. ఆ రోజు దాకా ఆయన ఇంగ్లీషు మాట్లాడటం మేమెవరం వినలేదని అప్పుడే నాకు తట్టింది. ఆయనకూ పదును పడలేదు. ఆఫీసరు జీపు వైపు తిరిగాడు.

నా వీపు మీద ఒక చెయ్యి పడింది. అవ్వ చెయ్యి. "ఏందో ఒకటి అను పాపా, వాళ్లు పోతాండారు" అని నన్ను గెనెం మీదికి ఒక్క తోపు తోసింది. గట్టు ఎక్కి నిలబడ్డానో లేదో నా నోట్లోంచి, "సర్, లీఫ్ ఆన్" అని వచ్చేసింది. ఆఫీసరు ఒక కాలు జీపులో పెట్టి ఆగాడు. నేను వేలు మట్టి వైపు చూపించి, "అండర్ నో. సర్, అండర్ నో" అన్నాను. ఆయన "వాట్?" అన్నాడు. ఇంక నేను ఆగితే కదా. "నట్ నో. రెయిన్ నో. గోట్ సేల్. బఫెలో బోన్స్. మై అవ్వ డెయిలీ అలాస్" అన్నాను. వెనకనుంచి సారు బాధగా మూలగడం వినిపించింది.

ఆఫీసరు కాలు జీపులోంచి తీశాడు. మెరిసే బూట్లతో చేలోకి దిగి, ఒక మొక్కను తలపట్టి పెరికాడు. కింద వట్టి ఊడలు తప్ప ఏమీ లేవు. ఇంకొకటి పెరికాడు, అదీ అంతే. ఇంకాస్త లోపలికి నడిచి అక్కడ పెరికాడు. పక్కనాయన ముందు రాసింది కొట్టేసి మళ్లీ రాశాడు. పోతూ పోతూ పెద్దాయన అవ్వ దగ్గర ఆగి, తలవంచి, నవ్వకుండా, "అలాస్" అన్నాడు. అవ్వ కూడా మర్యాదగా "అలాసప్పా, అలాస్" అంది. తరువాత మా ఊరి పశువులకు సర్కారు గడ్డి వచ్చింది. అది నా ఇంగ్లీషు వల్లేనని నాయన చనిపోయేదాకా నమ్మాడు, నేనూ కాదనలేదు.

ఆ పొద్దుగూకే వేళ వసారాలో కాయలూ లేవు, ఒలిచేవాళ్లూ లేరు. నాయన సారు ఎదురుగా గొంతుక్కూర్చుని, "సార్, ఇప్పుడు చెప్పండి. పాపకు ఇంగ్లీషు వచ్చినట్లా, రానట్లా?" అని అడిగాడు. నేను తలుపు చాటున నిలబడి వింటున్నాను. అబద్ధమాడటం సారుకు చాతకాదు. "అప్పా, పాప మాటల్లో క్రియ లేదు. ఒకదానికీ మరొకదానికీ అన్వయం లేదు. చెప్పిందాంట్లో సరైన వాక్యం ఒక్కటి గూడా లేదు. అన్నీ తప్పులే" అన్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నాయన తువ్వాలు దులుపుకున్నాడు. మాట మాటే. అవ్వ గెలిచింది.

అవ్వ పొయ్యి దగ్గరనుంచి లేచి వచ్చింది, చేతిలో సంగటి కట్టె అలాగే ఉంది. "తప్పులేనా సారూ?" అంది. తప్పులే అన్నాడు సారు. "అయితే ఆ టోపీ అన్న జీపు దిగి ఎందుకొచ్చినాడు?" అవ్వ ఆగలేదు. "ఇన్నేండ్లుగా నువ్వు తప్పు లేకుండా చెప్తాండావు. నీ మాటకు మా కోడి గూడా తిరిగి చూళ్లేదు. పదును పదును అని కూచుంటే ఈ సీమలో యా కొంపలో పొయ్యి వెలుగుతాది? పొడి దుక్కిలో ఏసి, దేవుని మింద భారమేసి ఇంటికొచ్చిన ఏండ్లు మనకు ల్యావా?" అని, నాయన వైపు తిరిగి, "పంపు దాన్ని" అంది. నాయన నమ్మలేక, "పంపమంటావామ్మా, నిజంగానా?" అన్నాడు. "ఒకసారి చెప్తే ఇనపడదా" అని కసిరి లోపలికి పోయింది. నేను వెనకే పోయి వాటేసుకుంటే విదిలించుకుంది. ఆ పైన నేను ఊరొదిలేదాకా నాతో సరిగ్గా మాట్లాడలేదు. తలకు నూనె పెట్టేటప్పుడు మాత్రం జుట్టు ఊడొచ్చేంత గట్టిగా దువ్వేది. ఆమె అంతగా బాధపడటం నేను ముందెన్నడూ చూడలేదు, తరువాతా చూడలేదు.

మర్నాడు సారు రేకుపెట్టె సర్దుకుని వసారా దిగాడు. అవ్వ ఎదురొచ్చి, "యాడికి?" అంది. "పిల్ల పోతాంది కదవ్వా, ఇంక నాకు ఈడ పనేముంది" అన్నాడు. "నాకు అలాస్ ఒకటే వచ్చినాది. మిగిలినవన్నీ ఎవరు చెప్తారు? పెట్టె లోపల పెట్టు" అంది అవ్వ. తరువాత నేను సెలవులకు వచ్చినప్పుడల్లా చూశాను, అవ్వ నిజంగానే వల్లించేది. వెర్బు రకాలన్నీ తడుముకోకుండా చెప్పేది. అర్థం అడిగితే, "అది సారుకు తెలుసు, నాకెందుకు" అనేది.

ఇప్పటి పిల్లల్ని చూస్తే నాకు అసూయ కలుగుతుందని ఒప్పుకుంటాను. వాళ్లకు నోరు ముందు, లెక్క తరువాత. తప్పు మాట్లాడితే ఆ తప్పు జన్మంతా పోదని ఎవరూ వాళ్లను బెదిరించలేదు. ఫోనులో టైపు కొడితే అదే దిద్దుతుంది. నేను కాలేజీలో పాఠాలు చెప్పినన్నాళ్లూ ఇంగ్లీషులో నోరు తెరిచే ముందు ఒక్క క్షణం ఆగేదాన్ని, ఇప్పటికీ ఆగుతాను. ఆ ఆగడం సారు పెట్టింది. కానీ నాకు ఇంకొకటీ తెలుసు. ఏ భాషలో ఏ పుస్తకం చదివినా వాక్యం లోపల ఎముకలు ఎక్కడున్నాయో నాకు కనిపిస్తాయి. నేను రాసిన ప్రతి వాక్యాన్నీ స్తంభానికి ఆనుకుని ఒక మనిషి వింటుంటాడు. ఆ సెంటరు పిల్లలకు అలాంటి మనిషి ఒకడు ఉంటే బాగుండుననిపిస్తుంది, రోజూ కాదు, అప్పుడప్పుడూ.

నేను పెనుకొండ పోయిన రోజు పొద్దున్నే రోడ్డు దగ్గరికి ముగ్గురూ వచ్చారు. నాయన ట్రంకుపెట్టెను బస్సు పైకెక్కించడానికి పోయాడు. అవ్వ శెనక్కాయ ఉండల మూట నా ఒళ్లో పడేసి, మొహం అటు తిప్పుకుని నిలబడింది. సారు కిటికీ కిందికి వచ్చాడు. గొడుగు ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకున్నాడు. పెదాలు కదిలాయి, కరువు చేని దగ్గర కదిలినట్టే. ఇంకేముంది, ఈయన వెతుక్కునేలోపు బస్సు పోతుందిలే అనుకున్నాను. మా ఇంట్లో తిన్నన్నాళ్లూ ఆయన రెండోసారి వడ్డించమని అడిగిన రోజు లేదు. అవ్వ గరిటె తెచ్చినప్పుడల్లా ఆకలున్నా లేకున్నా పళ్లేనికి చెయ్యి అడ్డం పెట్టేవాడు. పరాయి ఇంట్లో తినే మనిషి కదా. కండక్టరు విజిలేశాడు, బస్సు కదిలింది. సారు కిటికీ ఊచ పట్టుకుని రెండడుగులు పక్కనే నడిచాడు. "నో షై" అన్నాడు. మళ్లీ గట్టిగా, ఊరంతా వినేటట్టు, "ఆస్క్ రైస్. అగైన్ ఆస్క్" అన్నాడు.

ఆయన నోట నేను విన్న, పాఠం కాని మొదటి ఇంగ్లీషు అది. అందులో తప్పులు నేను ఈ రోజు దాకా వెతకలేదు. ఆ పూట హాస్టల్లో ఎవరో తెలియని పిల్లల మధ్య పళ్లెం ముందు కూర్చుని, పెట్టింది తినేసి, చెయ్యెత్తి మళ్లీ అన్నం అడిగాను.